మినీ ట్రాక్టర్‌కి రోటరీ గడ్డి కట్టర్ కొనేముందు జాగ్రత్తలు

కోనసీమ కొబ్బరి తోటలో నాలుగడుగుల కట్టర్ చాలా, ఐదడుగులది కావాలా? బయానా ఇచ్చేముందే తేల్చుకోండి.

• బానెట్ మీద రాసిన హెచ్‌పీ చూడొద్దు, పీటీవో (ట్రాక్టర్ వెనక కట్టర్‌ని తిప్పే షాఫ్టు) దగ్గర అందే హెచ్‌పీ అడగండి. అది సాధారణంగా 10–15 శాతం తక్కువ. కోత వెడల్పు అడుగుకి సుమారు 5 పీటీవో హెచ్‌పీ కావాలి. అంటే 24 హెచ్‌పీ బండికి నాలుగడుగులే సరి. ఐదడుగులది తగిలిస్తే దట్టమైన తుంగలో ఇంజిన్ గుంజలేక వేడెక్కుతుంది, గడ్డి తెగకుండా చీలుతుంది.

• వెనక టైర్ల బయటి అంచుల మధ్య టేపు పెట్టి కొలవండి. కట్టర్ అంతకన్నా ఇరుకైతే టైరు తొక్కిన గడ్డి లేచి నిలబడుతుంది.

• కట్టర్‌ని ట్రాక్టర్‌కి తగిలించి ఎత్తి చూడండి. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగ్ పలకదు. బోదె దాటేటప్పుడు, గట్టు ఎక్కేటప్పుడు బండి ముందు భాగం పైకి లేస్తుంది. ముందు బరువులు కట్టినా తేలుతుంటే ఆ సైజు వద్దు, ధర ఎంత తగ్గించినా సరే.

• అన్నిటికన్నా ముఖ్యం ఇది. పీటీవోకి విడి క్లచ్ లేని బండిలో క్లచ్ తొక్కినా బ్లేడు ఊపు ట్రాక్టర్‌ని ముందుకు నెడుతుంది. కాలవ పక్కన అది ప్రాణం మీదికి తెస్తుంది. బ్లేడు ఊపు తిరిగి ట్రాక్టర్‌కి అందకుండా చేసే ఫ్రీవీల్ కప్లింగ్ తప్పక పెట్టించండి. కట్టర్ పెద్దదయ్యేకొద్దీ ఆ నెట్టుడూ పెరుగుతుంది.

• కట్టర్ గేర్‌బాక్స్ 540 ఆర్‌పీఎం (నిమిషానికి 540 చుట్లు) పీటీవో వేగానికి చేసిందేనా చూడండి.

• షియర్ బోల్టు (దెబ్బ తగిలితే ముందు తానే తెగి గేర్‌బాక్స్‌ని కాపాడే బోల్టు) కంపెనీ చెప్పిన గ్రేడే వాడండి. గట్టిది బిగిస్తే, గడ్డిలో దాగిన కొబ్బరి మొద్దు తగిలినప్పుడు బోల్టుకి బదులు గేర్‌బాక్స్ పగులుతుంది.