బీటా ఆన్ చేసే ముందు వెనక్కి వచ్చే దారి చూసుకోండి

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం పీజీల్లో ఉండే మనవాళ్లలో చాలామందికి ఉన్నది ఒకే ల్యాప్‌టాప్, ఒకే ఫోన్. సర్టిఫికెట్ల స్కాన్‌లు, ఇంటర్వ్యూ ప్రిపరేషన్, ఇంటికి డబ్బులు పంపే యూపీఐ అన్నీ వాటిలోనే. అందుకే సెట్టింగ్స్‌లో బీటా, ప్రివ్యూ, ఎక్స్‌పెరిమెంటల్ (అంటే ఇంకా పరీక్షదశలోనే ఉంది) అని ఎక్కడ కనిపించినా, ఆ ఫీచర్ ఏం చేస్తుందో చూసే ముందు, నచ్చకపోతే ఎలా బయటపడాలో చదవండి.

విండోస్ కొత్త వెర్షన్లను అందరికంటే ముందే వాడి చూసే విండోస్ ఇన్‌సైడర్ ప్రోగ్రామ్‌లో చేరడం రెండు క్లిక్‌ల పని. బయటికి రావడం అలా కాదు. అందులో అన్నిటికంటే తొలిదశ వెర్షన్లు వచ్చే కెనరీ ఛానెల్‌కి వెళ్లాక తక్కువ నంబర్ బిల్డ్ (వెర్షన్) ఉన్న ఛానెల్‌కి రావాలంటే విండోస్‌ని మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయాల్సిందే, అంటే యాప్‌లూ సెట్టింగ్స్ అన్నీ పోతాయి. కొత్తవి చూడాలని మరీ ఆశగా ఉంటే రిలీజ్ ప్రివ్యూ ఛానెల్ చాలు, అది అన్నిటికంటే తక్కువ రిస్క్. లేదా కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపే వర్చువల్‌బాక్స్‌లో వేసి చూడండి, పాడైనా అసలు సిస్టమ్‌కి ఏమీ కాదు.

మామూలు అప్‌డేట్ కూడా ఫైళ్లు తినేసిన సందర్భం ఉంది. 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్స్ ఫోల్డర్లలోని ఫైళ్లను తుడిచేస్తే మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసింది. విడుదలకు ముందే కొందరు ఇన్‌సైడర్లు ఈ సమస్య చెప్పారు కూడా! అందరికీ ఇచ్చే అప్‌డేటే ఇలా అయినప్పుడు ప్రయోగదశలో ఉన్నదాన్ని ఎంత నమ్మాలి?

కాబట్టి ముందు బ్యాకప్. ఎస్పీ రోడ్డులో ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొని కావాల్సినవన్నీ కాపీ చేసి, రెండు మూడు ఫైళ్లు తెరిచి చూసి, డ్రైవ్ తీసి పక్కన పెట్టండి. క్లౌడ్‌లో సింక్ అవుతోంది కదా అని ఊరుకోవద్దు, ఇక్కడ డిలీట్ అయితే అక్కడా డిలీట్ అవుతుంది. డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఫీచర్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, లేదంటే డిస్క్‌లో డేటా ఉన్నా తెరవలేరు.

పిక్సెల్ ఫోన్‌లో ఆండ్రాయిడ్ బీటా వేసి మధ్యలో వెనక్కి వస్తే డేటా మొత్తం చెరిగిపోతుంది. టెన్షన్ పడకుండా ప్రోగ్రామ్ నుంచి తప్పుకొని, వెంటనే వచ్చే పాత వెర్షన్ అప్‌డేట్‌ను ఇన్‌స్టాల్ చేయకుండా, అందరికీ ఇచ్చే స్టేబుల్ వెర్షన్ విడుదలయ్యేదాకా ఆగితే డేటా నిలుస్తుంది. ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు సిస్టమ్‌ని లోడ్ చేసే బూట్‌లోడర్‌ని అన్‌లాక్ చేసినా ఫోన్ మొత్తం ఖాళీ అవుతుంది, ఇది ముందే తెలుసుకోండి. ఐఫోన్ వాళ్లైతే బీటాకి ముందే కంప్యూటర్‌లో బ్యాకప్ తీసి, కొత్త బ్యాకప్ దాని మీద పడకుండా ఆర్కైవ్ చేసి పెట్టుకోవాలి, ఎందుకంటే బీటాలో తీసిన బ్యాకప్ పాత ఐఓఎస్‌లోకి ఎక్కకపోవచ్చు.

లినక్స్ వాడేవాళ్లకి ఒక్క మాట: బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో రెయిడ్ 5, 6 (డేటాను చాలా డిస్క్‌ల మీద పంచి పెట్టే పద్ధతులు) మీద ముఖ్యమైన డేటా పెట్టకండి, ఆ ప్రాజెక్టు డాక్యుమెంటేషనే వద్దంటోంది.

ఇక ఆండ్రాయిడ్ ఫోన్లలో యాప్‌లు తయారుచేసేవాళ్ల కోసం దాచి ఉంచిన డెవలపర్ ఆప్షన్స్. బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే తెరుచుకుంటాయి కాబట్టి చాలామంది సరదాగా తెరుస్తారు. వాటిలో, కేబుల్‌తో కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలు పంపనిచ్చే యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు పనిచేయవు. పని అయిపోగానే ఆఫ్ చేయండి, ఊళ్లో అమ్మానాన్నల ఫోన్లలో అయితే అసలు తెరవనే వద్దు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం ఏదీ ఆన్ చేయకండి, ఏదైనా కావాలంటే ఐటీ వాళ్లకి టికెట్ పెట్టండి.