ఊరే పాఠం – 3వ భాగం: మగ్గం ఇంటికి పిల్లల్ని తీసుకెళ్లేముందు

మొదటి రెండు భాగాల్లో పిల్లల చేత ఊరి పటం గీయించాం, ఏ ఇంట్లో ఏ పని జరుగుతుందో అందులో గుర్తు పెట్టించాం. ఇప్పుడు ఆ పటంలోంచి ఒక ఇంటికి వెళ్లి, అక్కడ చూసినదాన్ని మన సిలబస్‌లోకి ఎలా తెచ్చుకోవాలో చూద్దాం. ఉదాహరణకి పోచంపల్లి వైపు ఊరు ఒకటి అనుకోండి. మీ ఊళ్లో మగ్గం లేకపోతే కుమ్మరి సారె ఉంటుంది, చేపల వల ఉంటుంది, మిరపకాయల కల్లం ఉంటుంది. పద్ధతి ఇదే.

ఆగస్టు 7న, చేనేత దినోత్సవం పేరుతో ఒక నేతన్నను బడికి పిలిచి, శాలువా కప్పి, ఫొటో దిగి పంపించేస్తే పిల్లలకు ఒరిగేదేమీ లేదు, ఆయనకి ఒక పూట పని పోవడం తప్ప. ఆయన పని దగ్గరికే మనం వెళ్దాం, శ్రద్ధగా చూద్దాం, తెలుసుకోవాలని అడుగుదాం. ఆయనకి మనం ఇచ్చే గౌరవం అదే అని నా గట్టి నమ్మకం.

హెడ్మాస్టర్ గారు ఒప్పుకోరేమోనని టెన్షన్ పడకండి. బడి బయటి జీవితంతో చదువుని ముడిపెట్టాలన్నది 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రంలో మొదటి సూత్రమే. 2020 జాతీయ విద్యా విధానమైతే 6 నుంచి 8 తరగతుల వాళ్లకి 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా, ఊళ్లోని వడ్రంగులు, కుమ్మరులు లాంటి వాళ్ల దగ్గర పని నేర్చుకునే వీలు ఇమ్మంటోంది. ఆ పేజీ చూపించి అడగండి.

ముందు మీరొక్కరే సాయంత్రం పూట వెళ్లండి. ఏ రోజు ఏ పని నడుస్తుంది, ఏ టైముకి వస్తే ఇబ్బంది ఉండదు అని అడగండి. కూలి నేసినదాన్ని బట్టి వస్తుంది కాబట్టి పిల్లలు మూగితే ఆ గంట నష్టం ఆయనదే. మగ్గం గదిలో చోటూ తక్కువే, ఆరేడుగురు చొప్పున వెళ్లడం మేలు.

తర్వాత ప్రశ్నలు. "ఈ పని మీకు ఇష్టమేనా?" అని అడిగితే "ఆ, ఇష్టమే" అంటారు, అక్కడితో అయిపోతుంది. చేతులతో చూపించి చెప్పాల్సి వచ్చే ప్రశ్నలు రాయించండి: పోగు తెగితే మీకెలా తెలుస్తుంది? చిన్నప్పుడు మొదట ఏ పని చేయనిచ్చారు? ఈ చీరలో మీ ఇంట్లో ఎవరెవరి పని ఉంది? ఈ చివరి ప్రశ్నని మాత్రం వదలొద్దు, ఎందుకంటే మగ్గం మీద కూర్చున్న మనిషిని అందరూ చూస్తారు, ఆసు పోసే, అంటే నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే అమ్మని ఎవరూ చూడరు.

ఆసు దగ్గర కాసేపు ఆగండి. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా విల్లులా వంగిన వరసలో మేకులు; పేక దారాన్ని, అంటే బట్టలో అడ్డంగా వెళ్లే దారాన్ని, ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలని చెబుతారు. తన అమ్మ లక్ష్మి భుజం నొప్పి చూడలేక, ఆలేరు దగ్గర శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం ఆ పని చేసే యంత్రాన్ని తయారుచేసి, దానికి అమ్మ పేరే పెట్టారు. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి, 2017లో పద్మశ్రీ అందుకున్నారు.

ఆ ఇంట్లో వాళ్లు సరేనంటే, ఒకసారి చెయ్యి ఎంత దూరం వెళ్తుందో పిల్లల చేత టేపుతో కొలిపించండి. దాన్ని 9,000తో గుణించమనండి, సెంటీమీటర్లని కిలోమీటర్లలోకి మార్చమనండి, ఆ దూరం నడిస్తే మన ఊరి నుంచి ఎక్కడిదాకా పోతామో చెప్పమనండి. కొలతల పాఠం అక్కడే అయిపోయింది. డిజైన్ గీసిన గ్రాఫు కాగితం అడిగి చూపిస్తే సౌష్ఠవం పాఠం కూడా అయినట్టే. చిటికి కట్టిన చోట, అంటే రంగులో ముంచేముందు దారాన్ని బిగించి కట్టిన చోట, రంగు ఎందుకు పట్టదన్నది సైన్సు పీరియడ్‌కి దాచుకోండి.

ఇక అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన విషయం. "మీ నాన్న నేస్తాడు కదా, లేచి చెప్పరా" అని ఏ పిల్లాడినీ నిలబెట్టొద్దు. కులం, వృత్తి మన ఊళ్లలో ఎంతగా ముడిపడి ఉన్నాయో మీకు తెలుసు. మనం గర్వంగా అన్నామనుకున్న మాట ఆ పిల్లాడికి క్లాసులో వేలెత్తి చూపినట్టు ఉండొచ్చు. వాడంతట వాడు చెబితే వినండి, లేకపోతే మామూలుగా అందరితోపాటే రానివ్వండి. పెద్దయ్యాక మగ్గమే నేయాలన్న మాట మన నోట రాకూడదు. అలాగే ఇటుక బట్టీల పని కోసం ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు మీ బడిలో ఉంటే, వాళ్లూ ఈ ఊరి వాళ్లే. పటంలో బట్టీ కూడా ఉండాలి, వాళ్ల అమ్మలు పాడే పాటకీ నోటుబుక్కులో చోటుండాలి.

నోటుబుక్కులో ఆ ఇంటివాళ్లు అన్న మాటని అన్నట్టే రాయించండి. "గిట్ల తిప్పాలె" అంటే "గిట్ల తిప్పాలె" అనే ఉండాలి. ఎర్ర పెన్ను ముట్టుకోకండి.

ఈ వారం పని: ఒక ఇల్లు ఎంచుకుని మీరొక్కరే వెళ్లి మాట్లాడి రండి, పిల్లలతో ఐదు ప్రశ్నలు రాయించండి, అవును కాదు అని జవాబు వచ్చేవి ఉంటే కొట్టేసి మళ్లీ రాయించండి. తెచ్చిన సమాచారాన్ని గోడపత్రికగా చేసి, అదే ఇంటివాళ్లకి చూపించి తప్పులు దిద్దించుకోవడం నాలుగో భాగంలో.