ఇంటర్ అయిపోయాక కాలేజీలో చేరేదాకా ఏం చేయాలి: గురుకులం నుంచి ఇంటికొచ్చిన చెల్లెకు, తమ్ముడికి

ఆఖరి పరీక్ష రాసి, పెట్టె, బకెట్టు, దుప్పటి మూట పట్టుకుని ఊళ్లో బస్సు దిగిన రోజు నుంచి డిగ్రీలోనో ఇంజనీరింగ్‌లోనో చేరే రోజు దాకా మూడు నాలుగు నెలలు ఉంటాయి. ఐదో తరగతి నుంచి గురుకులంలో పెరిగిన పిల్లలకు ఆ నెలలు ఎంత కొత్తగా ఉంటాయో నాకు తెలుసు. అక్కడ బెల్లు కొడితే లేచాం, బెల్లు కొడితే తిన్నాం. పరీక్ష ఫీజు ఎప్పుడు కట్టాలో, హాల్‌టికెట్‌లో పేరు సరిగ్గా పడిందో లేదో అన్నీ మేడమ్‌లు, సార్లు చూసుకున్నారు. ఇంటికొచ్చాక అవి చూసేవాళ్లు ఉండరు, అమ్మానాన్నకు ఇష్టం లేక కాదు, వాళ్లెప్పుడూ కాలేజీ మెట్లు ఎక్కలేదు కాబట్టి. మాది నాగర్‌కర్నూల్ వైపు ఊరు, నేనూ ఎనిమిదేళ్లు గురుకులంలో ఉండి వచ్చినదాన్నే. ఇప్పుడు ప్రతి ఎండాకాలం మా ఊరి పిల్లల కాగితాలు చూసిపెడుతున్నా. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నా, అందులో ముఖ్యమైంది ఒక్కటే: నీ కాగితాలు, నీ ఫోన్‌కు వచ్చే ఓటీపీ, నీ ఆప్షన్లు (ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అని నువ్వు పెట్టే జాబితా), ఈ మూడూ నీ చేతిలోంచి పోనియ్యకు.

మొదటి వారం పడుకో. ఎవరేమన్నా సరే, నిద్ర తీరేదాకా పడుకో. ఆ వారంలో ఒక్క పని మాత్రం చెయ్యి: నీతో చదివినవాళ్ల ఇంటి నంబర్లు రాసుకున్న నోట్‌బుక్‌లోంచి అన్నీ ఫోన్‌లోకి ఎక్కించుకో. సీట్లిచ్చే ఏ విడత ఎప్పుడు మొదలైందో, ఏ కాగితం అడుగుతున్నారో ముందు తెలిసేది వాళ్ల దగ్గర్నుంచే.

రెండో వారంలో పదో తరగతి మెమో, ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, రేషన్ కార్డు మంచం మీద పక్కపక్కన పరిచి అక్షరం అక్షరం చూడు. నీ పేరు, ఇంటిపేరు, నాన్న పేరు, పుట్టిన తేదీ. ముందు నుంచీ అన్నిటికీ ఆధారం పదో తరగతి మెమోనే, మిగతావి దానికి సరిపోవాలి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే, అందుకే తొందరపడి ఏదో ఒకటి రాయించొద్దు, మెమో తీసుకెళ్లి దాంట్లో ఉన్నట్టే రాయించు. ఇంకోటి, మనవాళ్లలో చాలామందికి చిన్నప్పుడు ఆధార్ తీసినప్పుడు నాన్న నంబరో, అన్న నంబరో ఇచ్చి ఉంటారు, ఆ సిమ్ ఎప్పుడో పోయి ఉంటుంది. దోస్త్‌కైనా (డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసేది), స్కాలర్‌షిప్‌కైనా ఓటీపీ అడిగినప్పుడు అది పనిచెయ్యని నంబరుకు పోతుంది. ఆధార్ సెంటర్‌కు నువ్వే స్వయంగా వెళ్లి వేలిముద్ర వేస్తే కొత్త నంబరు లింక్ చేస్తారు. పదిహేనేళ్లకు చేయించాల్సిన బయోమెట్రిక్ అప్‌డేట్ హాస్టల్‌లో ఉండి చేయించుకోకపోతే అదీ అప్పుడే అయిపోతుంది. జూన్‌లో ఆ సెంటర్ల దగ్గర నిలబడటానికి చోటుండదు, ఏప్రిల్‌లోనే పోయి రా.

బ్యాంకు ఖాతా మైనర్‌గా తెరిచినదైతే పద్దెనిమిది నిండాక మళ్లీ కేవైసీ ఇచ్చి మార్పించుకోవాలి, లేకపోతే డబ్బు పడ్డా తీసుకోవడం కష్టం. ఆధార్ ఆ ఖాతాకు అనుసంధానమైందో లేదో కూడా బ్యాంకులోనే అడుగు.

ఇక మీసేవ. కుల సర్టిఫికెట్ ఒకసారి తీసుకుంటే చాలు, ఇన్‌కమ్ సర్టిఫికెట్ మాత్రం ఏడాదే చెల్లుతుంది, కాబట్టి పాతది చూపిస్తే పని కాదు, చెల్లెలిదో అక్కదో చూపించినా కాదు. దరఖాస్తు మీసేవలో ఇస్తావు గానీ విచారణ గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) చెయ్యాలి, సంతకం తహసీల్దార్ పెట్టాలి. మన పాలమూరు వైపు ఎన్నో ఇళ్లలో అమ్మానాన్న వలసలో ఉంటారు, గిర్దావర్ వచ్చి అడిగేసరికి ఇంట్లో నాయనమ్మ తప్ప ఎవరూ ఉండరు. ఉగాదికో, ఊళ్లో పండగకో వాళ్లు వచ్చిన నాలుగు రోజుల్లోనే ఈ పని పెట్టుకో. జేఈఈ రాసి ఎన్ఐటీ, ఐఐటీ కౌన్సెలింగ్‌కు పోయేవాళ్లకు ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినవే కావాలి, మార్చిలో తీసుకున్నది పనికిరాదు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా బోనాఫైడ్‌లు (అక్కడ చదివినట్టు స్కూల్ రాసిచ్చే కాగితాలు) కూడా ఇప్పుడే తెచ్చుకో, మధ్యలో స్కూల్ మారి ఉంటే రెండు చోట్లకూ వెళ్లాలి, వేసవి సెలవుల్లో ఆఫీసులో ఎవరుంటారో ముందే ఫోన్ చేసి కనుక్కుని పో.

ఇంజనీరింగ్ లాంటి కోర్సుల్లో సీటు కోసం ఎప్‌సెట్ ఎంట్రన్స్ రాసేవాళ్లకు రెండు మాటలే. 160 ప్రశ్నలు, మూడు గంటలు, తప్పు రాస్తే మార్కులు కొయ్యరు, అందుకని ఒక్కటి కూడా ఖాళీ వదలొద్దు. ఇంటర్ మార్కులకు ఇప్పుడు వెయిటేజీ లేదు, ర్యాంకు ఎప్‌సెట్ మార్కుల మీదే వస్తుంది. కోచింగ్‌కు డబ్బుల్లేవని బాధపడకుండా, పాత పేపర్లు గడియారం పెట్టుకుని రాయి, పొద్దున్నే రాయి, పదకొండు దాటితే రేకుల ఇంట్లో కూర్చోలేం.

రిజల్ట్స్ రోజు. ఒక సబ్జెక్టు పోయిందనుకో, సప్లిమెంటరీ కొన్ని వారాల్లోనే ఉంటుంది, అది పాసైతే ఆ ఏడాదే చేరొచ్చు, మన ఊళ్లోనే అలా చేరినవాళ్లున్నారు. పది మంది ఇంటికొచ్చి మార్కులు అడుగుతారు, ఆ రోజు వాళ్లకు జవాబు చెప్పాల్సిన అవసరం నీకు లేదు. మనసు మరీ ఆగకపోతే 14416కు ఫోన్ చెయ్యి, టెలి మానస్ అది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఒంటరిగా మాత్రం ఉండకు.

ఇప్పుడు అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సింది, ఆప్షన్లు పెట్టడం. నా సంగతి చెప్తా. దోస్త్ రిజిస్ట్రేషన్ కోసం దగ్గరి టౌన్‌లో ఒక నెట్ సెంటర్‌కు పోయాను. అక్కడి అన్న చాలా మర్యాదగా మాట్లాడాడు, "నువ్వు కూర్చో చెల్లే, నేను చేసేస్తా" అన్నాడు, ఓటీపీ అడిగితే చెప్పాను, పాస్‌వర్డ్ కూడా ఆయనే పెట్టాడు. నేను మహబూబ్‌నగర్‌లో గవర్నమెంటు కాలేజీ మొదట పెట్టమన్నాను. సీటు వచ్చిన రోజు చూస్తే నేనెప్పుడూ పేరు వినని ఒక ప్రైవేటు కాలేజీ. ఆ కాలేజీకి పిల్లల్ని చేర్పిస్తే ఆయనకు ఇంత అని ముడుతుందని తర్వాత తెలిసింది. రెండు రోజులు అన్నం తినలేదు నేను. ఆ సీటు వదులుకుని, మళ్లీ ఫీజు కట్టి, రెండో విడతలో కోరుకున్న చోట సీటు తెచ్చుకునేసరికి హాస్టల్‌లో గదులు నిండిపోయాయి. అప్పటి నుంచి మా ఊరి పిల్లలెవరికీ ఇలా జరగకూడదని పట్టుబట్టి కూర్చుంటున్నా.

కాబట్టి నెట్ సెంటర్‌కు పోయినా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చో, స్క్రీన్ చూడు, పాస్‌వర్డ్ నువ్వే టైప్ చెయ్యి, అయిపోయాక ఆప్షన్ల ప్రింటు తీసుకుని బయటికొచ్చి నీడలో నిలబడి మళ్లీ ఒకసారి చదువు. కాలేజీల తరఫున పిల్లల్ని చేర్పించే పీఆర్వోలు ఇంటికొస్తారు, బస్సు ఫ్రీ, పుస్తకాలు ఫ్రీ అంటారు, ఆధార్, హాల్‌టికెట్ జిరాక్స్ ఇవ్వమంటారు. మంచినీళ్లివ్వు, జిరాక్స్ ఇవ్వకు.

ఆప్షన్లు ఎలా పెట్టాలంటే, ముందు రోజే కాగితం మీద రాసుకో. నీకు ఎక్కువ ఇష్టమైనది మొదట, ఆ తర్వాతది రెండోది, అలా. "నా ర్యాంకుకు ఇది రాదులే" అని ఇష్టమైనదాన్ని కిందికి నెట్టొద్దు, ఎందుకంటే కంప్యూటర్ పైనుంచి చూసుకుంటూ వచ్చి నీకు దొరికే మొదటిది ఇస్తుంది, పైన రాని కాలేజీ పెట్టినందువల్ల కిందిది పోదు. నాలుగైదు పెట్టి ఆపేస్తే మాత్రం ఏదీ రాకపోవచ్చు. అస్సలు పోకూడదనుకున్న కాలేజీని మాత్రం జాబితా నిండటానికి పెట్టొద్దు, అదే వస్తుంది. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో తర్వాతి విడతలో కొత్త సీటు వస్తే పాతది దానంతట అదే రద్దవుతుంది, అందుకని రెండో విడతలో ఇప్పుడున్నదానికంటే మంచివి మాత్రమే పెట్టు. సీటు వచ్చాక గడువులోపు సెల్ఫ్ రిపోర్టింగ్ (ఆ సీటు తీసుకుంటున్నానని ఆన్‌లైన్‌లో చెప్పడం) చెయ్యకపోతే అదీ పోతుంది, ఆ తేదీ గోడ మీద రాసిపెట్టు.

ఏ కాలేజీ అంటే, వీలైతే ఒకసారి పోయి చూడు. గేటు దగ్గర సెకండియర్ వాళ్లను పట్టుకుని క్లాసులు రోజూ అవుతున్నాయా, ల్యాబ్ తాళం తీస్తారా, హాస్టల్‌లో నీళ్లుంటాయా అని అడుగు. మన దగ్గర మహబూబ్‌నగర్‌లో ఎంవీఎస్, ఆడపిల్లలకు ఎన్టీఆర్ కాలేజీ, నల్గొండలో ఎన్జీ కాలేజీ ఉన్నాయి, పాలమూరు, మహాత్మాగాంధీ యూనివర్సిటీలు వచ్చి పదిహేనేళ్లు దాటింది, వనపర్తిలో జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. హైదరాబాద్ పోతేనే చదువు అనుకోవద్దు. పోవాలనుకునే ఆడపిల్లలకు కోఠిలో మహిళా యూనివర్సిటీ ఉంది, ఇప్పుడు దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. డబ్బు లెక్క ముందే వేసుకో: బీసీ పిల్లలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే ఇంటి ఆదాయం ఊళ్లో 1.5 లక్షలు, పట్నంలో 2 లక్షలు దాటకూడదు, ఇంజనీరింగ్‌లో ర్యాంకు పదివేల లోపు ఉంటే పూర్తి ఫీజు, దాటితే పూర్తిగా రాకపోవచ్చు, మిగతాది మనం కట్టాలి. హాజరు 75 శాతం ఉండాలి. ఈ డబ్బు ఆలస్యంగా వస్తుంది కూడా, ఆ సంగతి నాన్నకు చేరేముందే చెప్పు, మూడో ఏడాదిలో చెప్తే అప్పు చేయాల్సి వస్తుంది.

చెల్లే, ఇది నీకు ప్రత్యేకం. ఇంటికొచ్చిన నెలలోపే ఎవరో ఒకరు సంబంధం తెస్తారు. "ఇంటర్ అయింది కదా, ఇంకా ఎందుకు" అంటారు. అప్పుడు ఏడ్చి తలుపు వేసుకుంటే మాట వాళ్ల చేతిలోకి పోతుంది. అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు, పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తున్నప్పుడు, పక్కన కూర్చుని మాట్లాడు. వాళ్ల భయాలు రెండే, ఖర్చు, నీ భద్రత. రెండిటికీ కాగితం మీద జవాబు రాసుకుని పో: గవర్నమెంటు కాలేజీలో ఫీజు ఎంత, హాస్టల్ ఎంత, 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్‌కు డబ్బు అక్కర్లేదు కాబట్టి రోజూ ఇంటి నుంచి పోయి రావచ్చు, మన ఊరి నుంచి ఫలానా అక్క అక్కడే చదువుతోంది. ఆ అక్కతో అమ్మకు ఫోన్‌లో మాట్లాడించు. నాన్నకు నువ్వు చెప్పేకంటే మీ పాత టీచర్ ఎవరైనా చెప్తే బాగా వింటాడు, నాకు అలాగే అయింది, మా లెక్కల మేడమ్ ఒక్క ఫోన్ చేసింది. పద్దెనిమిది నిండకముందే పెళ్లి ఖాయం చేస్తుంటే 1098కు (పిల్లల సాయం కోసం ఉన్న నంబరు) చెప్పడంలో తప్పు లేదు, అది అమ్మానాన్నకు ఎదురుతిరగడం కాదు.

మిగతా రోజులు ఇంట్లో ఉండు, ఇంటిని చూడు. ఎనిమిదేళ్లు సెలవులకు వచ్చిపోయాం, అమ్మ ఏ మందులు వేసుకుంటుందో, ఎవరికి ఎంత బాకీ ఉందో మనకు తెలియదు. మిరుగం (మృగశిర కార్తె) రోజులు వచ్చి పత్తి గింజలు పెట్టేటప్పుడు చేనుకు పో, కూలి లెక్క నువ్వు రాయి. అన్నం, పప్పు, ఒక కూర వండటం నేర్చుకో, తమ్ముళ్లూ మీరు కూడా.

చేరే రోజుకు ఒరిజినల్స్ అన్నీ ఫోన్‌లో స్కాన్ చేసి మెయిల్‌లో పెట్టుకో, ఐదు సెట్ల జిరాక్స్, పది పాస్‌పోర్టు ఫోటోలు సిద్ధం చెయ్యి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లోనే కాలేజీలకు చెప్పింది, అడిగి తెచ్చుకో, ఏదైనా అక్కడ ఉంచుకుంటే ఏమేం ఇచ్చావో రాయించి రసీదు తీసుకో. రెండో సెట్టు ఒక ఫైల్లో పెట్టి ఇంట్లో అమ్మ చేతికి అందేచోట పెట్టు. అమ్మకు చదువు రాకపోతే రంగు కవర్లు వాడు, రేషన్ కార్డు ఎర్ర కవర్, ఇన్‌కమ్ పచ్చ కవర్ అని చూపించు. సెకండియర్‌లో నాకు స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు రేషన్ కార్డు కావాల్సి వస్తే, అమ్మ పక్కింటి పిల్లాడిని పిలిచి ఎర్ర కవర్‌లోంచి తీసి ఫోటో పంపింది, పది నిమిషాల్లో.