పసుపెక్కిన పాత వీడియో గేమ్ డబ్బాను మళ్లీ తెల్లగా చేయడం ఎలా?

అటక మీంచి దించిన వీడియో గేమ్ డబ్బా పసుపెక్కి కనిపిస్తే చాలామంది మొదట చేసే పని పీచుతో తోమడం. తోమితే గీతలు పడతాయే తప్ప పసుపు పోదు. జపాన్ కంపెనీ నింటెండో తెచ్చిన గేమ్ డబ్బాలు, 1983 నాటి ఫ్యామికామ్ అయినా, 1990 నాటి సూపర్ ఫ్యామికామ్ అయినా, తొంభైల్లో మన ఇళ్లలో క్యాసెట్లు పెట్టి ఆడిన వాటి నకళ్లయినా, ఎక్కువ భాగం ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌వే. ఆ ప్లాస్టిక్‌లో కలిసి ఉన్న రబ్బరు లాంటి పదార్థం వెలుతురుకి, వేడికి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి రంగు మారుతుంది. అంటే పసుపు పైన పట్టిన మురికి కాదు, పైపొరలోనే పుట్టింది. దాన్ని విరిచేది హైడ్రోజన్ పెరాక్సైడ్, దానికి తోడు ఎండ.

అయినా ముందు సబ్బు నీళ్లతో ఒకసారి కడగండి. టీవీ పక్కనే దేవుడి పటాలు ఉన్న ఇళ్లలో అగరుబత్తి పొగ జిడ్డుగా పేరుకుని అచ్చం పసుపులాగే కనిపిస్తుంది. సబ్బుకే పోతే పని అక్కడితో అయిపోయినట్టే. జిడ్డు మిగిలితే ఈ పెరాక్సైడ్ మందు అక్కడ పట్టదు కాబట్టి ఈ కడుగుడు ఎలాగూ తప్పదు.

డబ్బా విప్పడం

నకలు డబ్బాలకు మామూలు ప్లస్ గుర్తు స్క్రూలే ఉంటాయి. అసలు నింటెండో క్యాసెట్లలో చాలావాటికి 3.8 మిల్లీమీటర్లు, సూపర్ నింటెండో (సూపర్ ఫ్యామికామ్‌కే విదేశాల్లో పేరు) డబ్బాకు 4.5 మిల్లీమీటర్ల ప్రత్యేక స్క్రూడ్రైవర్ బిట్లు కావాలి. బోర్డు, స్ప్రింగులు, రేకులు, రబ్బరు బటన్లు అన్నీ తీసేయాలి. ప్లాస్టిక్ ఒక్కటే మందులోకి పోవాలి. రంగు బటన్లు, అచ్చు వేసిన అక్షరాలు, స్టిక్కర్లు వెలిసిపోయే ప్రమాదం ఉంది, వాటిని పక్కన పెట్టండి. ప్లేస్టేషన్ లాంటి వాటిలో కరెంటు సరఫరా బోర్డు లోపలే ఉంటుంది. ప్లగ్గు తీసేసినా దాని కెపాసిటర్లలో ఛార్జి నిలిచి ఉండొచ్చు, తెలిసినవాళ్లతోనే విప్పించండి.

విప్పాక పై మూత లోపలి వైపు చూడండి. వెలుతురు సోకని ఆ రంగే అసలు రంగు, మీరు చేరాల్సింది అక్కడికే. అంతకు మించి తెల్లబరిస్తే సుద్దముక్కలా కళ తప్పుతుంది.

మందు కలపడం

మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ సాధారణంగా 6 శాతం, సీసా మీద 20 వాల్యూమ్ అని రాసి ఉంటుంది. లీటరుకి లీటరు నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది, అది చాలు. ఘాటు పెంచితే పని తొందరగా అవుతుందేమో గాని, మచ్చలూ అంతే తొందరగా పడతాయి. సీసా పాతదని అనుమానమైతే కోసిన ఆలుగడ్డ ముక్క మీద రెండు చుక్కలు వేయండి. బుస్సుమని నురగ రాకపోతే ఆ సీసా పనికిరాదు.

నీళ్ల విషయంలో నల్గొండ, పాలమూరు వాళ్లు కొంచెం ఆలోచించాలి. మన బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ, కొన్నిచోట్ల ఇనుము కూడా. ఇనుము ఉంటే పెరాక్సైడ్ ఎండలో పెట్టకముందే విరిగిపోతుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా కొనుక్కుంటే ఏ గొడవా లేదు.

టబ్బు పారదర్శకంగా, గేమ్ డబ్బా మూతకి సరిపడేంత చిన్నదిగా ఉండాలి. ఖాళీ మిగిలితే నీళ్లు నింపి బిరడా బిగించిన సీసాలు ఇరికించండి, రెండు మూడు లీటర్ల మందుతోనే సరిపోతుంది. చేతికి నైట్రైల్ రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. చర్మం మీద పడితే తెల్లగా కాలుతుంది. ఇందులో వెనిగర్, బ్లీచింగ్, అసిటోన్ ఏవీ కలపొద్దు. టబ్బు మీద మూత గట్టిగా బిగించొద్దు, వాయువు పుడుతుంది.

ఎండలో పెట్టడం

పని చెడేది ఎక్కువగా ఇక్కడే. మే నెలలో మిట్టమధ్యాహ్నం బంగ్లా మీద పెడితే మందు వేడెక్కి విరిగిపోతుంది, నీళ్లు ఆవిరై ముక్క పైకి తేలుతుంది. తేలిన చోట ఒక రంగు, మునిగిన చోట ఒక రంగు. అందుకే ఎండాకాలంలో ఉదయం 8 నుంచి 11 దాకా, చలికాలంలో 10 నుంచి 3 దాకా. టబ్బును స్లాబు మీద నేరుగా పెట్టకుండా కింద ఇటుకలు పెట్టండి. ముక్క తేలకుండా గాజు గ్లాసు ఆనించొచ్చు, రేకు గాని రాయి గాని పెడితే దాని నీడ అచ్చు పడుతుంది. గంటకోసారి ముక్కను తిప్పి, అంటుకున్న బుడగలను తొడుగు వేసుకున్న వేలితో దులపండి; బుడగ ఉన్నచోట మందు తగలదు, చుక్క మిగులుతుంది. కోతుల బెడద ఉన్న ఊళ్లయితే పైన వల కట్టక తప్పదు.

మొత్తం నాలుగు గంటల నుంచి రెండు మూడు రోజుల దాకా పట్టొచ్చు. లోపలి రంగుతో పోల్చుకుంటూ పోండి. బ్యూటీ పార్లర్లలో వాడే 40 వాల్యూమ్ పెరాక్సైడ్ క్రీము పూసి ప్లాస్టిక్ కాగితం చుట్టే పద్ధతి కూడా ఉంది, మందు తక్కువ పడుతుంది. కానీ మన ఎండకి క్రీము అరగంటలో అంచుల దగ్గర ఆరి, పులిచారల్లా గీతలు వస్తాయి. క్యాసెట్ లాంటి చిన్న ముక్కలకైతే సరేగాని పెద్ద మూతలకు ముంచడమే మేలు. చారలు పడితే ఆ ముక్కనే మళ్లీ 3 శాతంలో ముంచి నెమ్మదిగా సరిచేసుకోవచ్చు, కొన్ని చారలు మాత్రం పోవు.

కడిగి బిగించడం

మామూలు నీళ్లతో రెండుసార్లు కడిగి, చివరిగా డిస్టిల్డ్ వాటర్‌తో జాడించండి, లేదంటే బోరు నీటి ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. ఒక రోజు నీడలో ఆరనివ్వండి. పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది; స్క్రూను మొదట వెనక్కి తిప్పి, 'టిక్'మని పాత గాడిలో పడ్డాక ముందుకు బిగించండి. గట్టిగా బిగిస్తే లోపలి స్తంభం చిట్లుతుంది. మిగిలిన మందును బాగా నీళ్లు కలిపి పారబోయండి.

పసుపు తిరిగి వస్తుంది, కొన్నిసార్లు ఏడాది రెండేళ్లలోనే. కిటికీ పక్కన కాకుండా, వేడి తగలని బీరువాలో, వెలుతురు సోకని సంచిలో పెడితే ఆలస్యంగా వస్తుంది.