గ్రీన్‌లాండ్ మంచు దాటబోయేవారికి: చెమట పట్టనివ్వకండి

పోయిన ఫిబ్రవరిలో నార్వేలోని ఫిన్సె దగ్గర, గ్రీన్‌లాండ్ యాత్ర కోసం శిక్షణకు వచ్చిన ఒక యువకుణ్ణి స్లీపింగ్ బ్యాగులో చుట్టి, స్లెడ్జి (మంచు మీద లాగే చక్రాలు లేని బండి) మీద పడుకోబెట్టి, రైల్వే స్టేషను దాకా లాక్కురావలసి వచ్చింది. ఆ రోజు తుపాను లేదు. చలి మైనస్ 14 డిగ్రీలే. అతని బట్టలు మా అందరి బట్టలకంటే ఖరీదైనవి, ఒంట్లో బలమూ మాకంటే ఎక్కువే. ఉదయమంతా అందరికన్నా ముందు నడిచాడు. మధ్యాహ్నం తిండికి ఆగినప్పుడు చూస్తే లోపలి చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. అరగంట గడిచేసరికి మాట తడబడింది, కోటు జిప్పు పైకి లాగడం కూడా అతనికి చేతకాలేదు. ఏప్రిల్, మే నెలల్లో గ్రీన్‌లాండ్ దాటడానికి సిద్ధమవుతున్నవారి కోసం, స్వీడన్, ఫిన్లాండ్‌లలో చదువుకుంటూ అదే ఆలోచనలో పడిన మన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మంచి బూట్లు కొనండి, వ్యాయామం చేయండి వంటి మాటలు ఇందులో ఉండవు.

పడమటి వైపు కాంగర్లుస్సువాక్ నుంచి తూర్పు తీరంలోని ఇసోర్తోక్ దాకా దారి సుమారు 550 కిలోమీటర్లు. మధ్యలో మంచు దాదాపు 2,500 మీటర్ల ఎత్తుకు లేస్తుంది. మామూలుగా నాలుగు వారాలు పడుతుంది. బయటి సహాయం లేని యాత్ర కాబట్టి తిండి, ఇంధనం, గుడారం అన్నీ మొదటి రోజే మీ వెనక స్లెడ్జి మీద ఉంటాయి, అంటే మనిషికి 60 నుంచి 80 కిలోలు. పాడుబడిన డై-2 రాడార్ కేంద్రం తప్ప దారిలో గోడ అన్నది కనిపించదు. 1888లో నార్వే యాత్రికుడు నాన్సెన్ ఐదుగురు సహచరులతో దాదాపు జనం లేని తూర్పు తీరం నుంచి జనమున్న పడమటికి నడిచాడు, వెనక్కి తిరగాలన్న ఆలోచనకే చోటు ఉండకూడదని. ఆ తెగువను మెచ్చుకోండి, అనుకరించకండి.

చెమట సంగతి

చెమటోడ్చి పనిచేశాడంటే మన భాషలో మెప్పు. ఎండలో పొలం పని చేసేవాడికి చెమట ఒళ్లు చల్లబరిచి మేలు చేస్తుంది. మంచు మీద కూడా అది చేసేది ఆ పనే, కాకపోతే మీరు ఆగిన తర్వాత కూడా చేస్తూనే ఉంటుంది. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. ఒక లీటరు చెమట ఆరిపోవడానికి దాదాపు 580 కిలోకేలరీల వేడి కావాలి, అందులో ఎక్కువ భాగం మీ ఒంటి నుంచే పోతుంది. రోజుకు ఐదు వేల కిలోకేలరీల చొప్పున గ్రాములు తూచి కట్టుకున్న తిండిలో పదో వంతును తడి చొక్కా తినేస్తుందన్నమాట. మైనస్ 20 డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే తెరిచి ఉన్న చర్మానికి అది మైనస్ 34లా తగులుతుంది. అంత చలి లేని రోజున కూడా తడి బట్టలతో కూర్చున్న అరగంటే ఆ యువకుణ్ణి పడగొట్టింది.

కాబట్టి ఉదయం బయలుదేరేటప్పుడు మీకు చలి వేయాలి. వెచ్చగా ఉంటే ఒక పొర ఎక్కువ వేసుకున్నట్టే లెక్క. పావుగంట నడిచాక నాయకుడు అందరినీ ఆపి ఒక పొర విప్పించాలి, ఎవరికీ అవసరం లేదన్నా సరే ఆపాలి. ఎందుకంటే తన ఒక్కడి కోసం బృందాన్ని ఆపడానికి ప్రతివాడూ సిగ్గుపడతాడు, ఆ సిగ్గుతోనే తడిసిపోతాడు. అందరికంటే నెమ్మదిగా నడిచేవాడు ముందుండాలి. డౌన్ జాకెట్టు (పక్షి ఈకలు నింపిన కోటు) స్లెడ్జిలో అన్నిటికంటే పైన ఉండాలి, ఆగిన వెంటనే తొడుక్కోవాలి, అది తొడుక్కుని స్లెడ్జి లాగకూడదు. తడిసిన ఈకలు ముద్దకట్టి వేడిని నిలపలేవు. చెమట కనిపించాక విప్పితే ఆలస్యమైనట్టే, ఒళ్లు వెచ్చబడినప్పుడే విప్పండి.

రాత్రి చెమట దొంగ లాంటిది. నిద్రలో ఒంటి నుంచి వెలువడే ఆవిరి స్లీపింగ్ బ్యాగు పొరల్లోకి వెళ్లి గడ్డకడుతుంది. రెండో వారానికి బ్యాగు బరువు పెరుగుతుంది, వెచ్చదనం తగ్గుతుంది. ఆవిరిని లోపలే ఆపే పలచని సంచిలో దూరి, ఆపైన బ్యాగులో పడుకోండి. జిగటగా, అసహ్యంగా ఉంటుంది, అలవాటు చేసుకోండి. ముఖం బ్యాగులోపల పెట్టి ఊపిరి వదలకండి.

గుడారం, గాలి

తూర్పు తీరంలో మంచు ఫలకం మీది నుంచి సముద్రం వైపు దిగివచ్చే చల్లని గాలిని పితరాక్ అంటారు. 2013 ఏప్రిల్‌లో దానికి చిక్కిన ముగ్గురు బ్రిటిష్ యాత్రికుల్లో ఒకరు చనిపోయారు. డెన్మార్క్ వాతావరణ సంస్థ హెచ్చరిక ఇస్తే ఆ రోజు నడక మానేసి మంచు గోడ కట్టండి. హెలికాప్టర్ మీద ఆశ పెట్టుకోకండి, అలాంటి గాలిలో అది ఎగరదు. గోడ కట్టేటప్పుడు కూడా చెమట పట్టనివ్వకండి. తుపాను ముంచుకొస్తోందని కోటుతోనే గంటసేపు పార విసిరి, ఒళ్లంతా తడిసి, అలాగే బ్యాగులో దూరినవారు రాత్రంతా వణకడం చూశాను. పైకోటు విప్పి, వంతులవారీగా, గాలి రాకముందే మొదలుపెట్టండి.

మిగిలినవి వరసగా చెబుతాను. గుడారం సంచిలోంచి తీయకముందే దాని కొసను స్లెడ్జికి కట్టండి. చేతి తొడుగులు మణికట్టుకు తాడుతో కట్టి ఉండాలి. శాటిలైట్ ఫోను, ప్రమాద సంకేతం పంపే పరికరం స్లెడ్జిలో కాదు, మీ లోపలి జేబులో ఉండాలి, స్లెడ్జి మంచు చీలికలో పడితే అవీ పోతాయి. ఫలకం అంచుల్లో తాడు కట్టుకునే నడవండి, స్కీలు (మంచు మీద నడవడానికి కాళ్లకు కట్టుకునే పొడవాటి పలకలు) విప్పకండి. ఎన్నో ధ్రువయాత్రలు చేసిన డిక్సీ డాన్సెర్‌కూర్ 2021లో గ్రీన్‌లాండ్‌లోనే చీలికలో పడి పోయాడు. మబ్బు పట్టినా నల్లకళ్లద్దాలు తీయకండి. స్టవ్ వెలుగుతున్నంతసేపు గుడారానికి గాలి దారి తెరిచి ఉండాలి, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. స్టవ్‌లు రెండు. ఇంధనం మనిషికి రోజుకు పావు లీటరు, ఆపైన తుపాను రోజుల కోసం అదనం. ఇంధనం చేతి మీద ఒలకనివ్వకండి, అంత చలిలోనూ అది గడ్డకట్టదు, చర్మాన్ని మాత్రం గడ్డకట్టిస్తుంది. మద్యం వద్దు. కాలివేళ్లు మొద్దుబారితే గుడారం వేశాక చూద్దామనకండి, ఇప్పుడే ఆగండి. మంచుతో రుద్దకండి. తడి మేజోళ్లను పొట్టకు ఆనించి ఆరబెట్టండి. గ్రీన్‌లాండ్ ప్రభుత్వ అనుమతి, గాలింపు ఖర్చు భరించే బీమా లేకుండా విమానం ఎక్కకండి. నడక మొదలై పావుగంట అయింది, వీపు వెచ్చబడింది, ముందున్నవాడు ఆగడం లేదు: కేక వేయండి, ఆపండి, కోటు విప్పండి.