ప్రశ్న అడగడం నేర్పుదాం – 3వ పాఠం: గళ్ల పట్టిక

పోయిన పాఠంలో మూడు గళ్ల చార్ట్ వేశాం: తెలిసింది, తెలుసుకోవాలనుకున్నది, నేర్చుకున్నది. డోనా ఓగిల్ 1986లో టీచర్లకు అందించిన పద్ధతి అది. మీ క్లాసులో చేసి చూసే ఉంటారు. మొదటి గడి టకటకా నిండుతుంది, రెండో గడి దగ్గర పెన్నులు ఆగిపోతాయి. నా క్లాసులో "ఏం తెలుసుకోవాలనుంది?" అంటే "అంతా టీచర్" అన్నారు. పాపం, వాళ్లేం చేస్తారు? ప్రశ్నలన్నీ పాఠం చివర ముందే అచ్చయి ఉంటాయి. సొంతంగా ఒకటి ఎలా మొదలుపెట్టాలో మనం ఎప్పుడూ చూపించలేదు.

ఈసారి ఆ రెండో గడి కోసమే పట్టిక వేద్దాం. పైన అడ్డంగా ఏమి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా అని ఆరు మాటలు రాయండి. ఎడమవైపు కిందికి నాలుగు క్రియలు: ఉంది, అయింది, అయి ఉంటుంది, అయ్యేది. మొత్తం 24 గళ్లు.

ఇంగ్లిషు పట్టికల్లో ఈ క్రియల చోట ఈజ్, డిడ్, కెన్, మైట్ లాంటివి ఉంటాయి. వాటిని మాటకు మాట తెలుగులోకి దించకండి. మన భాషలో జరిగిందా, జరిగి ఉంటుందా, జరిగేదా అన్నది క్రియ చివర తెలుస్తుంది. పిల్లల చెవికి ఆ తేడా ఇంట్లోనే అలవాటై ఉంది. అందుకే ఈ వరుసలు తెలుగులో చాలా బాగా పనిచేస్తాయి.

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడినే తీసుకోండి. 1213లో కట్టడం మొదలైంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. శిఖరానికి నీటిమీద తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. పిల్లలకు ఇంతే చెప్పి పట్టిక ఇవ్వండి.

మొదటి రెండు వరుసల్లో "గుడి ఎక్కడ ఉంది?", "ఎవరు కట్టించారు?" లాంటివి వస్తాయి. జవాబు పుస్తకంలో దొరుకుతుంది. మూడో వరుసకు రాగానే "అంత తేలిక ఇటుకలు ఎందుకు వాడి ఉంటారు?", "క్రేన్లు లేకుండా రాళ్లు పైకి ఎలా ఎత్తి ఉంటారు?" అంటారు. నాలుగో వరుసలో "మామూలు ఇటుకలు వాడి ఉంటే శిఖరం ఏమయ్యేది?" అని వస్తుంది. వేలు ఒక్కో వరుస కిందికి జరిగేకొద్దీ పిల్లవాడు పుస్తకం వదిలి ఆలోచనలోకి వెళ్తాడు. నాకు ఈ పట్టిక మీద ఇంత ఇష్టం అందుకే.

ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, పట్టిక మీద చింతగింజ వేయించండి. పడిన గడితో ప్రశ్న తయారుచేయాలి. కొన్ని గళ్లు కుదరవు, "ఎప్పుడు ఉంది" లాంటివి. బలవంతం చేయకుండా మళ్లీ గింజ వేయమనండి. "ఇటుక తేలుతుందా?" అని ఎవరైనా రాస్తే కొట్టేయొద్దు. ఆ చివరి "ఆ" తీసేసి, ముందు "ఎలా" పెట్టి చూడమనండి.

ఒక్క జాగ్రత్త: ఆ పీరియడ్‌లో జవాబులు చెప్పకండి. మీకు తెలిసినా సరే. టీచర్ ఒక్క జవాబు చెప్పగానే మిగతా పిల్లలు ప్రశ్నలు ఆపేసి నోట్స్ రాసుకోవడం మొదలుపెడతారు.

4వ పాఠం లోపు మీరు చేయాల్సిన పని: వచ్చే వారం చెప్పబోయే ఏదైనా పాఠం తీసుకుని, మీరే 12 ప్రశ్నలు రాయండి. కింది రెండు వరుసలవి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. ఆ కాగితం దాచుకోండి, 4వ పాఠంలో దాంతోనే పని.