పెరటి కోడి మీరు చూపిన గూటిలోనే గుడ్డు పెట్టాలంటే ఏం చేయాలి?

గుడ్లు పెట్టడం మానేసిందనుకున్న నాటుకోడి, నెల తరువాత గడ్డివామి వెనుక నుంచి పిల్లలను వెంటేసుకుని రావడం పల్లెల్లో కొత్తేమీ కాదు. కాబట్టి మేత మార్చే ముందు, అది ఎప్పుడు, ఎక్కడ పెడుతున్నదో కనిపెట్టాలి.

మొదట పెట్ట ఈడుకు వచ్చిందో లేదో చూడండి. నాటు పెట్టలు సాధారణంగా ఆరు నెలల ప్రాయంలో గుడ్డుకు వస్తాయి. అప్పుడు తురాయి ఎర్రబడుతుంది, వీపు మీద చేయి వేస్తే పెట్ట ఒదిగి కూర్చుంటుంది, మూలమూలలా చోటు వెతుకుతూ తిరుగుతుంది.

తరువాత దాని వేళను గమనించండి. ఒక గుడ్డు కడుపులో తయారు కావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందువల్ల ఈరోజు ఎనిమిదింటికి పెట్టిన కోడి రేపు ఇంకాస్త ఆలస్యంగా పెడుతుంది, అలా జరిగి జరిగి మధ్యాహ్నం దాటిన తరువాత ఒక రోజు మానేసి, మళ్లీ ఉదయం మొదలుపెడుతుంది. ఈ ఒక్కరోజు విరామాన్ని జబ్బుగా భావించి మందులు వేయనక్కరలేదు.

ఇక గూడు. అడుగు వెడల్పు, అడుగు లోతు ఉన్న చెక్కపెట్టె లేదా పాత గంప చాలు. అందులో మూడు నాలుగు అంగుళాల మందాన ఎండు వరిగడ్డి పరచి, వెలుతురు, కుక్కల అలికిడి తగలని మూల ఉంచండి. నాలుగైదు పెట్టలకు ఒక గూడు సరిపోతుంది. రాత్రి పడుకునే కర్ర గూటికంటే ఎత్తులో లేకపోతే కోళ్లు గూటిలోనే నిద్రించి రెట్టలతో పాడు చేస్తాయి. గూటిలో ఒక సుద్ద గుడ్డు, అది లేకపోతే గుడ్డంత నున్నని తెల్ల రాయి పెట్టండి. గుడ్డు కనిపించిన చోటును పెట్టలు నమ్ముతాయి. వారం, పది రోజులపాటు ఉదయం పదకొండు వరకు వాటిని బయటికి వదలకుండా, లోపలే మేత, నీళ్లు ఇస్తే చాలావరకు ఆ చోటే అలవాటవుతుంది.

మేతలో ఎక్కువమంది తప్పు చేసేది సున్నం, అంటే కాల్షియం దగ్గరే. గుడ్డు పెంకు గట్టిపడడానికి ఇరవై గంటల వరకు పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రివేళే జరుగుతుంది. నూకలు, తవుడు మాత్రమే తినే పెట్ట అప్పుడు తన ఎముకల్లోని కాల్షియాన్ని కూడా తీసి ఇస్తుంది. అదీ చాలకపోతే గట్టి పెంకు లేని మెత్తని తోలుగుడ్లు పెడుతుంది. సాయంత్రం వేళ వేరే చిప్పలో నలగ్గొట్టిన నత్తగుల్లలు లేదా ఆల్చిప్పలు ఉంచండి, కావలసినంత అవే తింటాయి. ఇంటి గుడ్ల పెంకులైతే వేయించి, బాగా నలిపి ఇవ్వండి. గుడ్డు ఆకారం కనబడితే గుడ్లు పొడుచుకు తినే దురలవాటు పట్టవచ్చు. వేసవిలో రొప్పడం వల్ల కూడా పెంకు పలచబడుతుంది కనుక నీడ, చల్లని నీళ్లు తప్పనిసరి.

పది, పదిహేను గుడ్లు పెట్టాక నాటు పెట్ట పొదుగుకు కూర్చుంటుంది, గుడ్లు ఆగిపోతాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన గ్రామప్రియ వంటి రకాల్లో ఈ స్వభావం తక్కువ. పిల్లలు కావాలంటే, పుంజుతో కలిసి తిరిగిన పెట్టల గుడ్లలో వారం లోపువి పది పన్నెండు ఎంచి, రాత్రివేళ పొదుగుకు కూర్చున్న పెట్ట కింద పెట్టండి. 21వ రోజుకు పిల్లలవుతాయి. గుడ్లే కావాలంటే, పొదుగు మానేలా ఆ పెట్టను గాలి తగిలే జాలీ అడుగున్న గంపలో మూడు నాలుగు రోజులు మేత, నీళ్లతో ఉంచండి. నీళ్లలో ముంచే పాత పద్ధతి కోడిని హింసించడమే, దానికంటే ఇదే మేలు.

దాచిన గుడ్ల గూడు దొరికితే ఒక్కసారిగా ఖాళీ చేయకండి, పెట్ట మరో రహస్య చోటు వెతుక్కుంటుంది. ఒక గుడ్డుకు పెన్సిలుతో గుర్తు పెట్టి అక్కడే ఉంచి, మిగిలినవి తీసి నీళ్లలో వేయండి: మునిగి అడుగున పడుకున్నవి తాజావి, పైకి తేలినవి పారేయవలసినవి.